ఆరింటి బస్సు

రెండో డ్రమ్ము సగం నిండేసరికి కుళాయి ధార సన్నబడింది. పెద్దకోడలు గొట్టం మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో నిండిన బకెట్లను ఒకదాని తరవాత ఒకటి గట్టు మీదికి జరిపింది. నీళ్ళు ఐదున్నరకి వస్తాయి, ఆరుంపావుకి పోతాయి. ఇంటిల్లిపాదికీ కావలసినవన్నీ ఆ ముప్పావు గంటలోనే పట్టుకోవాలి.

"అక్కా, రెండు బకెట్లు పోసేశాను. నేను వెళ్తున్నా," అంది వరండాలోంచి చిన్నకోడలు, జడ కొసకి రబ్బరుబ్యాండు చుడుతూ.

"పోశావు తల్లీ. ఆ రెండు బకెట్లతో ఊరు ఊరంతా స్నానాలు చేసి కూచుంది."

చిన్నది వినీ విననట్టు టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. మలుపు దగ్గర బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. అంతే, చెప్పుల్లో కాళ్ళు దూరాయో లేదో, గేటు టక్కున పడింది.

"దానికి బస్సు మొగుడై కూచుంది," అంది అత్త మంచం మీంచి. "కూత పెట్టగానే పరుగు."

ఆ మాట పెద్దకోడలికి చల్లగా ఉండాల్సింది. ఉండలేదు. గొట్టం వదిలి వెళ్ళడానికి ఒకళ్ళకి బస్సుంది, పట్టుకుని నిలబడడానికి తనుంది. అత్త ఎవర్ని తిట్టినా పనిమాత్రం తన చేతికే వస్తుంది.

వాకిట్లో ఆమె భర్త వ్యాను అద్దం తుడుస్తున్నాడు. ఊళ్ళో అందరూ అతన్ని వ్యానాయన అనే పిలుస్తారు. బస్సు ఇంటి ముందునుంచి వెళ్తుంటే గుడ్డ ఆపి, కిటికీల్లో కనబడే తలకాయలు లెక్కపెట్టడం అతనికి రోజూ ఉన్న అలవాటు.

"ఐదు," అన్నాడు. "ఐదుగురి కోసం అంత ఇనుము కదుల్తోంది. నా బండి చూడు, పదకొండు మంది లేనిదే కదలదు. అందుకే నేను తిట్లు తింటాను."

ఆ మాట నిజమే. అతని వ్యాను నిండితేనే కదుల్తుంది. తొమ్మిదికి నిండితే తొమ్మిదికి, పదికి నిండితే పదికి. ముందెక్కినవాళ్ళు ఎండలో ఉడుకుతూ కూచోవాలి. బస్సు మాత్రం మనుషులున్నా లేకపోయినా ఆరు కొట్టగానే వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం అతను వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూచున్నాడు. వంటింట్లో కూచునే మనిషి కాదు. పెద్దకోడలు ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఊరి ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు, చూశావా? రేపట్నుంచి మూడు రోజులు బస్సులో మనుషుల్ని లెక్కపెడతారట. జనం లేకపోతే బస్సు తీసేస్తారని ఊరంతా గోలెత్తిపోతోంది."

"తీసేస్తే మీకు మంచిదేగా?"

అతను నవ్వి, తరగని ఉల్లిపాయలు నాలుగు ముందుకి లాక్కున్నాడు. "అక్కడే ఉంది కిటుకు. పల్లె బస్సులకి సర్కారు ఏటా సొమ్ము ఇస్తుంది. ఎలాంటి బస్సుకి? నష్టంలో నడిచేదానికి. ఇరవై మంది కంటే తక్కువ ఎక్కితే, పాపం పేద రూటు అని ఇస్తుంది. ఎక్కువెక్కితే, ఈ రూటు తన కాళ్ళ మీద తను నిలబడగలదు అని ఆపేస్తుంది. డిపోలో మనవాడొకడు చెప్పాడు." ఇంకో పిడికెడు ఉల్లిపాయలు తెచ్చి ఆ నాలుగింటి మీద కుప్ప పోశాడు. "ఈ మూడు రోజులూ బస్సు కిటకిటలాడిపోవాలి. నాలుగో రోజు మళ్ళీ ఐదుగురే. సర్కారు సొమ్ము ఆగిపోయాక డిపోవాళ్ళు నెల తిరక్కుండా బస్సు పీకేస్తారు."

"మరి ఊళ్ళోవాళ్ళు?"

"వాళ్ళే ఎక్కుతామంటున్నారు, మనం వద్దంటామా? ఊరి కోసం మూడు రోజులు నా వ్యాను ఆపుతున్నానని చెప్పాను. లేనివాళ్ళకి టికెట్టు కూడా నేనే కొంటానన్నాను. చేతులు పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారే!"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు అనుకుంది పెద్దకోడలు. అనుకుని, నవ్వింది. ఉల్లిఘాటుకి కళ్ళు మండుతున్నా ఆ నవ్వు ఆగలేదు. బస్సు లేకపోతే చిన్నదానికి ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే ఐదున్నరకి గొట్టం ఎవరి చేతిలో ఉంటుందో ఆమెకి కనిపించింది. ఒక బకెట్టు, రెండు బకెట్లు, డ్రమ్ము, తొట్టి. ఆ జడ, ఆ రబ్బరుబ్యాండు నీళ్ళలో తడిసి ముద్దవడం కనిపించింది.

"ఆడవాళ్ళ సంగతి నాకు వదిలెయ్యండి," అంది.

"నువ్వూ ఎక్కాలి. మూడు రోజులూ. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ."

"నేనా? టౌనులో నాకేం పని?"

"పనేముంది? కూచో. బెంచీలుంటాయి."

మర్నాడు బస్సు మలుపు తిరిగేసరికి ఇంటి గేటు దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి చూసి, "ఏంటిది, పెళ్ళివారి బస్సు అనుకున్నారా? పెళ్ళికూతురెక్కడ?" అన్నాడు. "నేనేరా నాయనా," అంది ఓ పళ్ళు లేని ముసలమ్మ, మనవడి భుజం పట్టుకుని ఎక్కుతూ. అందరూ నవ్వారు. వ్యానాయన కింద నిలబడి ఒక్కొక్కళ్ళనీ చెయ్యిచ్చి ఎక్కిస్తున్నాడు.

డ్రైవరు వెనక సీట్లో ఒక సన్నటి మనిషి, ఒళ్ళో అట్ట, అట్టకి బిగించిన కాగితాలు. మనిషి ఎక్కినప్పుడల్లా ఒక నిలువు గీత. నాలుగు గీతలు పడగానే అడ్డంగా ఒకటి. గీతలు తప్ప మొహాలు చూడడం లేదు. అప్పటికే అందరూ అతనికి లెక్కలాయన అని పేరు పెట్టేశారు.

చిన్నకోడలు తన పక్క సీటు చూపించింది. కూచోక తప్పలేదు.

"బావగారు ఇంత పని చేస్తారనుకోలేదక్కా," అంది చిన్నది. "నేను ఆయన్ని మనసులో ఎన్ని అనుకున్నానో."

"అనుకుంటావు. నీకు పనేముంది."

"ఈ బస్సు లేకపోతే నేను చచ్చేదాన్ని. నీ మాటలు పగలూ రాత్రీ వినాలిగా."

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దకోడలు కిటికీ వైపు తిరిగింది. పొలాలు, కల్వర్టు, సున్నం రాళ్ళు. కుడివైపున్నవన్నీ ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టున్నాయి. తల కుడికి తిప్పి, ఎడమ కంటిని ముందుకి తెచ్చుకుంది. ఏడాదిగా ఆమె చూపు అలాగే ఉంది.

"ఆ కన్ను ఇంకా చూపించుకోలేదా?" అంది చిన్నది.

"నీ కళ్ళు నువ్వు చూసుకో."

టౌనులో ఏడుకి పది నిమిషాలకి దిగారు. తిరుగు బస్సు ఒంటిగంటకి, అది తప్పితే మళ్ళీ సాయంత్రమే. అందరూ తలో దిక్కూ పోయారు. పెద్దకోడలు బస్టాండు బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక సంచి పట్టీని చుట్టింది, విప్పింది. తోమాల్సిన గిన్నె లేదు. పిలిచే అత్త లేదు. పావుగంట గడిచేసరికి ఆమెకి తప్పు చేస్తున్నట్టనిపించింది. అరగంటకి అది కూడా పోయింది. టీ కొట్టతను అడక్కుండానే గ్లాసు తెచ్చి పెట్టాడు. ఇంకొకరు కాచిన టీ తాగి ఎన్నాళ్ళయిందో ఆలోచించింది, గుర్తు రాలేదు.

పక్కన ఒక కంటికి గుడ్డ కట్టుకున్న ఆవిడ గబగబా లేచింది. "టోకెన్లు మొదలెట్టేసుంటారు. ఎనిమిది దాటితే ఇవ్వరు. నువ్వు కూడా కంటికేనా?"

తను తల అలా పక్కకి తిప్పి చూడబట్టి అడిగిందని పెద్దకోడలికి అర్థమైంది. కాదు అనబోయింది. కాళ్ళు లేచాయి.

ఆసుపత్రి రోడ్డుకి అవతలే ఉంది. నలభై ఒకటో టోకెను. వరుసలో నిలబడి ఉండగా నడవా చివర్నుంచి చక్రాల బండి ఒకటి వచ్చింది. దాని మీద మురికి దుప్పట్ల కొండ. కొండ వెనక చిన్నకోడలు. జడ చుట్టేసి గుడ్డ కట్టుకుంది. బండి పట్టుకున్న చేతులు ఉతికే సోడాకి ముంజేతుల దాకా ఎర్రగా, పొక్కులు లేచి, వేళ్ళ సందుల్లో తోలు ఊడి ఉన్నాయి. ఇంట్లో ఆ చేతులు అలా ఉండగా ఎప్పుడూ చూడలేదే అనుకుంది పెద్దకోడలు. తర్వాత గుర్తొచ్చింది, ఇంట్లో తను ఆ చేతుల్ని చూసేది బకెట్లు మోస్తున్నాయా లేదా అనే.

"అక్కా! నువ్వేంటిక్కడ?"

"ఏం, ఇది నీ పుట్టిల్లా? నిన్నడిగి రావాలా?"

చిన్నది మొహం ముడుచుకుంది. "లోపల నర్సు తెలుసు. ముందు పంపించమని చెప్పనా?"

"నాకు టోకెనుంది."

"సరే, నిలబడు," అని బండి తోసుకుంటూ పోయింది. చక్రం ఒకటి కిర్రుకిర్రుమంటూ చాలాసేపు వినిపించింది.

డాక్టరమ్మ చిన్న వయసుది. గడ్డం యంత్రానికి ఆనించమంది. యంత్రం కంట్లోకి టప్పున గాలి ఊదింది. డాక్టరమ్మ రాసుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఏడాది."

"ఏడాదినుంచి ఎందుకు రాలేదు?"

పెద్దకోడలు నిజంగానే ఆలోచించింది. వ్యాను ఖాళీగా ఉన్న రోజు తీసుకెళ్తాలే అనేవాడు. అది ఖాళీగా ఉన్న రోజు నిండేదాకా ఆగేది. నిండిన రోజు ఆమెకి చోటుండేది కాదు.

"వ్యాను నిండలేదు," అంది.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. ఆవిడకి అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ రమ్మంది.

రెండో రోజు బస్సులో జనం ఇంకా పెరిగారు. ఒకాయన గొర్రెపిల్లని కూడా ఎక్కించబోతే కండక్టరు, "దానికి ఓటు లేదు, దించు," అన్నాడు. లెక్కలాయన గీతలు గీస్తూ గీస్తూ, పక్కన నిలబడ్డ పెద్దకోడల్ని అడిగాడు. "ఇంత మంది ఎక్కే ఊరిని పేద రూట్ల జాబితాలో ఎవరు పెట్టారో. మీరు రోజూ వస్తారా అమ్మా?"

"రోజూ," అంది పెద్దకోడలు. భర్త నేర్పిన మాటే. ఆయన నిలువు గీత ఒకటి గీశాడు. అది తనే.

ఆసుపత్రిలో ఆ రోజు డాక్టరమ్మ తలెత్తే మాట్లాడింది. "కుడి కంట్లో పోయిన చూపు ఇక రాదు. ఎడమ కంటికి కూడా మొదలైంది. అది నిలబెట్టుకోవచ్చు. చుక్కలు రెండు పూటలా మానకూడదు. రేపు ఒకసారి, తర్వాత పదిహేను రోజులకోసారి వచ్చి చూపించుకోవాలి. అశ్రద్ధ చేస్తే రెండేళ్ళలో రెండూ పోతాయి."

"పదింటికి వస్తే?"

"ఎనిమిదికి టోకెన్లు ఆపేస్తారమ్మా."

ఒంటిగంట బస్సులో ఆమె కిటికీ దగ్గర కూచుని, కుడి కన్ను మూసి ఎడమతో చూసింది. తర్వాత ఎడమది మూసి కుడితో చూసింది. కల్వర్టు దాకా అదే పని. కల్వర్టు కుడి కంటికి అసలు రాలేదు.

సాయంత్రం భర్త వ్యాను చక్రాలకి నీళ్ళు కొడుతున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు. నిన్న ముప్పై ఎనిమిది, ఇవ్వాళ నలభై నాలుగు అంటూ మధ్యమధ్య ఈల వేస్తున్నాడు. పెద్దకోడలు గూట్లో చుక్కల సీసా పెట్టి వచ్చి, విషయం చెప్పింది.

"ఓస్, అంతేగా? తీసుకెళ్తాలే."

"ఎనిమిదిలోపు ఉండాలి. ఆరున్నరకైనా బయల్దేరాలి."

"ఆరున్నరకి బండి ఎలా నిండుతుందే?"

"నిండకుండా తియ్యండి. నెలకి రెండు రోజులే."

అతను గొట్టం పక్కన పడేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నీ ఒక్క కంటి కోసం టౌను దాకా డీజిలు పొయ్యాలా? వింటున్నావా అమ్మా? కోడలు గారికి స్పెషలు బండి కావాలిట."

"చిన్నదాని గాలి సోకింది," అంది అత్త. "రెండు రోజులు బస్సెక్కేసరికి నెత్తికెక్కింది."

"అదేదో ఈ నెలలోపు చూపించేసుకో, బస్సుంటుంది. తర్వాత చూద్దాం," అన్నాడు అతను. చెప్పి, తన మాటకి తనే నవ్వాడు. "అయినా ఒక కన్ను చాల్లేవే. రెండు కళ్ళతో చూసి నాకంటే అందగాణ్ణి వెతుక్కుంటావా ఏం?"

పెద్దకోడలు అతను పడేసిన గొట్టం తీసింది. చక్రాలకి మిగిలిన బురద తనే కడిగింది. కడుగుతూ ఉంటే చిన్నకోడలు గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఒక్క క్షణం ఆగి, "డాక్టరేమంది?" అంది నెమ్మదిగా.

"నీకెందుకు?"

"నాకెందుకులే," అని చిన్నది లోపలికి పోయింది. చేతులు పైట కింద దాచుకుని ఉన్నాయి.

మూడో రోజు నీళ్ళు ఐదున్నరకే వచ్చాయి. పెద్దకోడలు తొట్టి నింపి, మొదటి డ్రమ్ములో గొట్టం వేసింది. బస్సు ఇరవై నిమిషాల ముందే వచ్చి మలుపు దగ్గర ఆగింది. లెక్కలాయన్ని వ్యానాయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

"ఇవ్వాళ ఆఖరు రోజు కదండీ, మా ఇంట్లో టీ తాగకుండా వెళ్తారా? సంతకాల పని కూడా ఇక్కడే కానిచ్చేద్దాం."

"అవునండీ. మూడు రోజులూ ఎక్కిన వాళ్ళు ఎవరైనా ఒకరు పెడితే, టౌనులో దిగి నేరుగా ఆఫీసుకి వెళ్ళిపోతాను," అన్నాడు ఆయన. నిద్ర చాలని గొంతు. వరండాలో కుర్చీ మీద కూచుని అట్ట మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కాగితం నిండా గీతల కట్టలు, దడి కట్టినట్టు.

పెద్దకోడలు టీ తెచ్చి పెట్టింది. చిన్నకోడలు అద్దం ముందు జడ వేసుకుంటోంది.

"ఇదిగో, మా ఆవిడే ఉంది. రోజూ బస్సుకే వెళ్తుంది," అన్నాడు వ్యానాయన. "రా, సంతకం పెట్టు. ఐదో తరగతి చదివిందండి మా ఆవిడ!"

"ఒక్క ఖాళీ ఉంది," అన్నాడు లెక్కలాయన, పెన్ను మూత తీస్తూ. "ప్రయాణికులు పెరగడానికి ప్రత్యేక కారణం... లేదు అని రాసెయ్యనా?"

"రాసెయ్యండి సార్."

పెద్దకోడలు చేతులు చీరకి తుడుచుకుంది. అట్ట తన వైపు తిప్పుకుంది. కుడి కన్ను మూసింది. వేలు పెట్టి, బడిలో చదివినట్టు ఒక్కో మాటా పైకి చదివింది. "ఈ మూడు రోజుల్లో, మామూలు కంటే, ప్రయాణికులు పెరగడానికి గానీ, తగ్గడానికి గానీ, ప్రత్యేక కారణం ఏదైనా ఉన్నదా?"

తలెత్తింది. "ఉంది."

వ్యానాయన గట్టిగా నవ్వాడు. "దానికి ఓ కన్ను కనబడదండి. ఏదో చూసి ఏదో అంటుంది."

"రెండోది కనబడుతోంది," అంది పెద్దకోడలు. లెక్కలాయనతోనే అంది. "ఈయన వ్యాను మూడు రోజులు ఆపారు. జనం నిండితే సర్కారు సొమ్ము ఆగి బస్సు పోతుందని, టికెట్లు కొనిచ్చి మరీ ఎక్కించారు. నన్నూ ఎక్కమన్నారు. రోజూ ఎక్కేది మా తోడికోడలూ, ఇంకో నలుగురూ. అంతే."

"మొన్న మీరు రోజూ వస్తానన్నారు కదమ్మా?"

"నిన్న. అబద్ధం చెప్పాను."

డ్రమ్ములో నీళ్ళ చప్పుడు మారింది, నిండడానికొచ్చింది. లెక్కలాయన టీ గ్లాసు కింద పెట్టి, ఆ ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. ఒక వరుస, రెండు వరుసలు. "అయితే ఈ లెక్క చెల్లదు," అన్నాడు విసుగ్గా. మూడు రోజుల శ్రమ పోయిందన్న విసుగే తప్ప ఆ గొంతులో ఇంకేం లేదు. "మళ్ళీ మొదట్నుంచి పెట్టాలి. ఈసారి చెప్పకుండా వస్తారు."

పెద్దకోడలు సంతకం పెట్టింది. అక్షరాలు పెద్దవై, గీత దాటి పక్క గడిలోకి పోయాయి. లెక్కలాయన కాగితం మడవకుండా అట్ట చంకన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బస్సు వైపు నడిచాడు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలీదుటే?" అంది అత్త మంచం మీంచి. "ఇంటి దొంగవి! తిన్న కంచంలో మన్ను పోశావు!"

"నువ్వు సాయంత్రం ఈ ఇంట్లోకి ఎలా వస్తావో నేనూ చూస్తాను," అన్నాడు వ్యానాయన. అరవలేదు. మెల్లగా అన్నాడు. అద్దం తుడిచే గుడ్డ అతని గుప్పిట్లో నలుగుతోంది.

చిన్నకోడలు రబ్బరుబ్యాండు వేళ్ళ మధ్యే పెట్టుకుని నిలబడిపోయింది. బావగారి వంక చూసింది, వ్యాను వంక చూసింది. మూడు రోజులుగా ఆయన గురించి తను అనుకున్న మంచి మాటలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నట్టు ఆమె మొహం మారింది. ఒక అడుగు ముందుకి వేసింది. "అక్కా..."

"నోరు ముయ్యి. నీ కోసమనుకున్నావా?"

చిన్నది ఆగిపోయింది.

డ్రమ్ము నిండి పొర్లింది. పెద్దకోడలు గొట్టం తీసి రెండో డ్రమ్ములో వెయ్యడానికి వంగింది, సగంలో ఆగింది. గొట్టాన్ని అలాగే నేల మీద వదిలేసింది. లోపలికి వెళ్ళి, గూట్లోంచి చుక్కల సీసా, ఆసుపత్రి చీటీ తీసి సంచిలో వేసుకుంది. మలుపు దగ్గర బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.

గొట్టం వాకిట్లో మెలికలు తిరుగుతూ, వ్యాను చక్రాల దాకా, అతని కాళ్ళ దాకా నీళ్ళు తోస్తోంది. అతను అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వచ్చి కుళాయి కడతారేమోనని. పెద్దకోడలు చెప్పులు వేసుకుంది. తల కొంచెం కుడికి తిప్పి దారి చూసుకుంటూ, అతని పక్కనుంచే గేటు దాటింది.